ఆటల పీరియడ్ అప్పు ఇచ్చేది కాదు

ఎనిమిదో తరగతి గోడకు టైంటేబుల్ అతికించి ఉంటుంది. గురువారం చివరి పీరియడ్ ఎదురుగా 'ఆటలు' అని రాసి ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర నుంచే పిల్లలు ఆ గంట కోసం ఎదురుచూస్తుంటారు. తీరా గంట మోగేసరికి లెక్కల మాస్టారు లోపలికి వస్తారు. "సిలబస్ వెనకబడింది, ఈ ఒక్కరోజుకీ సర్దుకోండి" అంటారు. వచ్చే వారం ఆ పీరియడ్ సైన్సు టీచరుకు, ఆపై వారం యూనిట్ టెస్టుకు పోతుంది. సంక్రాంతి సెలవులు అయ్యాక పదో తరగతి వాళ్లకైతే ఆ మాటే వినపడదు. మన బడుల్లో ఒకరి దగ్గర అప్పుగా తీసుకుని మళ్లీ తిరిగి చెల్లించని పీరియడ్ ఏదైనా ఉందంటే అది ఆటల పీరియడే.

ఇందులో లెక్కల మాస్టారి తప్పు వెతకడం తేలిక. కానీ ఆయన మీద ఫలితాల ఒత్తిడి ఉంది, ప్రధానోపాధ్యాయుల మీద ఉంది, తల్లిదండ్రుల మీదా ఉంది. అందరూ కలిసి చేస్తున్న ఈ సర్దుబాటు ఖరీదు ఎంతో మాత్రం ఎవరూ లెక్క వేయడం లేదు. కౌమారంలో శరీరానికి కదలిక ఎందుకు అవసరమో, బడి ఆ అవసరాన్ని ఎంతవరకు తీర్చగలదో చెప్పే పరిశోధనలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. మన పిల్లలకు కొత్త పేరుతో మరో పథకం కంటే ముందు, ఇప్పటికే టైంటేబుల్‌లో ఉన్న ఆ పీరియడ్ ప్రతి బిడ్డకూ దక్కాలి.

నలుగురిలో ముగ్గురు

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలపాటు ఒక మోస్తరు నుంచి తీవ్రస్థాయి శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒక మోస్తరు శ్రమ అంటే మాట్లాడగలిగినా పాట పాడలేనంతగా ఊపిరి వేగం పెరగడం. దానితోపాటు వారంలో కనీసం 3 రోజులు గుండె వేగాన్ని బాగా పెంచేవి, కండరాలకూ ఎముకలకూ బలమిచ్చేవి అయిన వ్యాయామాలు ఉండాలి. పరుగు, గెంతడం, ఎక్కడం, తాడాట ఇవన్నీ ఆ కోవలోకే వస్తాయి.

ఈ కొలత ప్రకారం పిల్లలు ఎక్కడున్నారు? 146 దేశాల్లో 11–17 ఏళ్ల విద్యార్థులు 16 లక్షల మంది ఇచ్చిన సమాధానాలను క్రోడీకరించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం 2019 చివర్లో వెలువడింది. 2016 నాటి పరిస్థితిని అది లెక్కగట్టింది. ప్రపంచవ్యాప్తంగా 81 శాతం మంది ఆ 60 నిమిషాల గీతను దాటలేకపోతున్నారు. భారతదేశంలో ఇలాంటివారు 73.9 శాతం. బంగ్లాదేశ్‌లో 66.1 శాతం. దక్షిణ కొరియాలో 94.2 శాతం.

కొరియాతో పోల్చుకుని మనం నయమేనని ఊరట చెందడానికి ఇందులో ఏమీ లేదు. తరగతిలో నలుగురు పిల్లలను లేపి నిలబెడితే ముగ్గురికి చాలినంత కదలిక లేదని ఆ లెక్క అర్థం. పైగా ఇవి పిల్లలు స్వయంగా చెప్పుకున్న సమాధానాలు. నడుముకు పరికరం కట్టి కొలిచిన అంకెలు కావు.

సన్నగా ఉంటే చాలదు

"మావాడు సన్నగానే ఉన్నాడు కదా, వాడికి వ్యాయామం ఎందుకు?" అని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. భారతీయుల విషయంలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన జవాబు ఉంది. 2004లో పుణె కేఈఎం ఆసుపత్రి వైద్యుడు డాక్టర్ సి.ఎస్. యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటోనే వైద్య పత్రిక 'ద లాన్సెట్'లో ప్రచురించారు. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. కానీ శరీరంలో కొవ్వు బ్రిటన్ వైద్యునికి 9.1 శాతం ఉంటే, భారతీయ వైద్యునికి 21.2 శాతం ఉంది. పైకి సన్నగా కనిపిస్తూ లోపల కొవ్వు ఎక్కువగా, కండ తక్కువగా ఉండే ఈ దేహతత్వం మన దగ్గర పుట్టుక నుంచే కనిపిస్తుందని యాజ్ఞిక్ బృందం పుణె చుట్టుపక్కల పల్లెల్లో చేసిన అధ్యయనాలు చూపాయి.

దీని ఫలితం కౌమారంలోనే బయటపడుతోంది. 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10–19 ఏళ్ల వారిలో 5 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. 24 శాతం మంది వయసుకు తగిన బరువు లేక బక్కచిక్కి ఉన్నారు. అదే సర్వేలో దాదాపు 10 మందిలో ఒకరి రక్త పరీక్ష, మధుమేహానికి ముందు దశను సూచించింది. లావుగా ఉన్నవాళ్లు 5 శాతమే అయినప్పుడు, చక్కెర సమస్య మొదలైనవాళ్లు అందుకు రెట్టింపు ఉండటం గమనించాల్సిన విషయం. బరువు తూచే యంత్రం మాత్రమే చూసుకుంటే మనకు సగం కథే తెలుస్తుంది.

కండరం పనిచేసే తీరు తెలిస్తే వ్యాయామం ఇక్కడ ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. దాన్ని కండరాల్లోకి పంపడానికి మామూలుగా ఇన్సులిన్ తలుపు తీయాలి. అయితే కండరం గట్టిగా పనిచేస్తున్నప్పుడు దానిలోని గ్లూట్-4 అనే రవాణా ప్రొటీన్లు ఇన్సులిన్ కోసం ఆగకుండానే కణం అంచుకు చేరి గ్లూకోజును లోపలికి తీసుకుంటాయి. ఆట ముగిసిన తర్వాత కూడా కొన్ని గంటలపాటు కండరం ఇన్సులిన్ మాటను ఇంకా బాగా వింటుంది. కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా ఉండే శరీరాలకు ఇంతకంటే చవకైన మందు లేదు. దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులు, మరో 13 కోట్లకు పైగా ముందు దశలో ఉన్నవారు ఉన్నారని ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో తేల్చింది. వాళ్లలో ప్రతి ఒక్కరూ ఒకప్పుడు పదమూడేళ్ల పిల్లలే.

ఎముకల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. పెద్దయ్యాక మన ఎముకల్లో ఉండే ఖనిజంలో దాదాపు నాలుగో వంతు, కౌమారంలో ఎదుగుదల జోరుగా ఉండే రెండేళ్లలోనే చేరుతుందని కెనడాలో ఏళ్లతరబడి పిల్లలను గమనించిన పరిశోధకులు కనుగొన్నారు. అమ్మాయిల్లో సుమారు 12, 13 ఏళ్ల వయసు, అబ్బాయిల్లో 14 దాటిన వయసు అది. ఎముకకు బరువు, కుదుపు తగిలితేనే అది గట్టిపడుతుంది. గెంతులు, పరుగులే దానికి ఆ పని చేసిపెడతాయి. అంటే ఎముక బ్యాంకులో ఎక్కువగా దాచుకోగలిగే కాలం సరిగ్గా ఏడు నుంచి తొమ్మిదో తరగతి వరకు. మనం ఆటల పీరియడ్‌ను కోయడం మొదలుపెట్టేది కూడా అప్పుడే.

మార్కుల భయం ఎంతవరకు నిజం?

ఆరోగ్యం మాట సరే, మార్కులు తగ్గితే ఎవరు బాధ్యులు అన్నది అసలు భయం. దీన్ని కొట్టిపారేయకూడదు. పదో తరగతి ఫలితం మీద ఒక పేద కుటుంబం భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది. అందుకే ఆధారాలు ఏం చెబుతున్నాయో చూడాలి.

అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2010లో ఇలాంటి 50 అధ్యయనాలను జల్లెడ పట్టింది. బడిలో శారీరక శ్రమకూ చదువుకూ మధ్య 251 సంబంధాలను అవి పరీక్షించాయి. వాటిలో సగానికి, అంటే 50.5 శాతానికి, ఫలితం చదువుకు అనుకూలంగా వచ్చింది. 48 శాతంలో తేడా ఏమీ కనిపించలేదు. చదువుకు నష్టం జరిగినట్టు తేలినవి 1.5 శాతం మాత్రమే. ఆడితే ప్రతి ఒక్కరికీ ర్యాంకు వస్తుందని దీని అర్థం కాదు. ఆడినందువల్ల చదువు అటకెక్కుతుందనే మాటకు ఆధారం దాదాపుగా లేదని మాత్రం అర్థం.

ఇంకా పాత ఉదాహరణ ఒకటుంది. 1970లలో కెనడాలోని ట్రోయి-రివియేర్‌లో ప్రాథమిక పాఠశాల పిల్లలకు రోజూ ఒక గంట వ్యాయామ విద్య అదనంగా ఇచ్చారు. ఆ మేరకు మిగతా పాఠాలకు దొరికే సమయం దాదాపు 13 శాతం తగ్గింది. ఏళ్ల తరబడి చూసినా ఆ పిల్లలు చదువులో వెనకబడలేదు. 2014లో అమెరికాలోని ఇలినాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు 7–9 ఏళ్ల పిల్లలు 221 మందిని రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపును 9 నెలలపాటు బడి అయ్యాక రోజూ ఆడించారు. ఆడిన పిల్లల్లో ధ్యాస చెదరకుండా చూసుకునే శక్తి, ఒక పని నుంచి మరో పనికి మనసు మళ్లించే శక్తి మిగతావారికంటే ఎక్కువ మెరుగయ్యాయి. ఈ రెండూ చిన్న పిల్లలపై చేసినవే. కానీ ధ్యాస నిలపడం పదో తరగతిలో ఇంకా ఎక్కువ అవసరం కదా!

లెక్కల మాస్టారు తీసుకున్న ఆ అదనపు పీరియడ్‌లో అలసిపోయిన పిల్లలు ఎంత నేర్చుకున్నారో ఎవరూ కొలవరు. వాళ్లు పోగొట్టుకున్నదాన్ని అసలే కొలవరు.

పథకం పెట్టినంత మాత్రాన

ఇక్కడ ఒక చేదు నిజాన్ని దాచకుండా చెప్పుకోవాలి. బడుల్లో శారీరక శ్రమను పెంచే కార్యక్రమాలు అనుకున్నంత ఫలితం ఇవ్వడం లేదు. ప్రపంచంలోని వైద్య ఆధారాలను కఠినంగా తూచే కాక్రేన్ సంస్థ 2021లో 89 అధ్యయనాలను, 66 వేలకు పైగా పిల్లల వివరాలను పరిశీలించింది. ఈ కార్యక్రమాల వల్ల పిల్లలు చురుగ్గా కదిలే సమయం పెద్దగా పెరగడం లేదనీ, శారీరక దారుఢ్యంలో మాత్రం కొంత మెరుగుదల ఉండవచ్చనీ తేల్చింది.

ఇది చదివి "చూశారా, దండగ" అనేవారు ఉంటారు. కానీ ఆ ఫలితం వెనుక కారణాలను వెతికితే మన గురువారం పీరియడే మళ్లీ ఎదురవుతుంది. చాలాచోట్ల కార్యక్రమం కాగితం మీద ఉన్నట్టు తరగతిలో జరగదు. ఉపాధ్యాయులకు సమయం ఉండదు, శిక్షణ ఉండదు. పరీక్షలు దగ్గరపడితే అన్నిటికంటే ముందు ఆగేది ఇదే. జరిగినప్పుడు కూడా పిల్లలు ఎక్కువసేపు వరసల్లో నిలబడే ఉంటారు. వివిధ దేశాల హైస్కూలు వ్యాయామ తరగతులను పరిశీలించిన 2017 నాటి సమీక్షలో, పీరియడ్‌లో సగటున 40 శాతం సమయమే పిల్లలు నిజంగా చురుగ్గా కదులుతున్నట్టు తేలింది.

ఈ అంకెను మన టైంటేబుల్‌కు వేసి చూద్దాం. 40 నిమిషాల పీరియడ్‌లో 40 శాతం అంటే 16 నిమిషాలు. వారానికి రెండు పీరియడ్లు ఏ ఆటంకం లేకుండా జరిగాయనుకున్నా 32 నిమిషాలు. వారానికి కావలసింది 420 నిమిషాలు. అంటే 8 శాతం కూడా కాదు. అందులో ఒక పీరియడ్ సిలబస్‌కు పోతే 4 శాతమూ మిగలదు. ఇంత తక్కువ మోతాదు వేసి మందు పనిచేయలేదని తీర్పు చెప్పడం సబబు కాదు.

అదే పీరియడ్ వారానికి ఆరు రోజులూ జరిగి, ప్రతిసారీ సగం సమయమైనా పిల్లలు కదిలితే 120 నిమిషాలు అవుతుంది. బడికి నడకో సైకిలో, మధ్యాహ్నం విరామంలో ఆట, సాయంత్రం వీధిలో ఒక అరగంట తోడైతే 420 అందని సంఖ్య కాదు. బడి ఒక్కటే మొత్తం భారం మోయలేదు. కానీ ఇరుకు ఇళ్లలో, వాహనాల రద్దీ వీధుల్లో పెరిగే పిల్లలకు భద్రంగా పరుగెత్తగల చోటు చాలాసార్లు బడి ఒక్కటే.

పతకాలు కొందరికి, ఆట అందరికీ

మన బడుల్లో ఆటలంటే ఇప్పటికీ ఎంపిక పోటీలే. మండల స్థాయి, జిల్లా స్థాయి పోటీలకు పదిమందిని తయారుచేయడం పీఈటీ పనితనానికి కొలత. మిగతా వందలమంది గట్టున కూర్చుని చప్పట్లు కొడతారు. ఖోఖో ఆడిస్తున్నా తరిమే జట్టులో 9 మందికి ఒకరు పరుగెడుతుంటే 8 మంది కూర్చుని ఉంటారు. ఆ ఆట నియమం అది, తప్పు లేదు. కానీ 50 మంది తరగతికి ఒకే కోర్టు గీస్తే ఎవరికి ఎంత పరుగు దక్కుతుందో ఊహించుకోవచ్చు.

ప్రతిభకు మార్గం వేయడం బడి బాధ్యతే. 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లాలోని చిన్న ఊరి నుంచి వచ్చిన సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఆమె కొండలెక్కడం మొదలుపెట్టింది భువనగిరి రాతిగుట్ట మీద, బడి తరఫున జరిగిన శిక్షణలో. అవకాశం దొరికితే ఒక పేద గిరిజన బాలిక ఎంత దూరం వెళ్లగలదో ఆమె చూపింది. ఆ కథ నుంచి తీసుకోవాల్సిన పాఠం, ఆ మొదటి గుట్ట దాకా ఎంతమంది పిల్లలను బడి తీసుకెళ్తోంది అన్నది. గుట్ట చూసే అవకాశమే రాని పిల్లల్లో ఎవరికి ఏ సత్తా ఉందో ఎలా తెలుస్తుంది?

ప్రజారోగ్యం దృష్టితో చూస్తే ఇంకో విషయం ఉంది. ఎంపికైన పదిమందీ ఎలాగూ ఆడతారు. ఊపిరి త్వరగా ఆడనివారు, లావుగా ఉన్నవారు, సిగ్గుపడేవారు, ఏదో ఒక వైకల్యం ఉన్నవారు గట్టు మీదే ఉండిపోతారు. ఆట వల్ల ఎక్కువ మేలు జరిగేది వాళ్లకే.

అమ్మాయిలు ఎక్కడ ఆగిపోతున్నారు?

ముందు చెప్పిన 146 దేశాల అధ్యయనంలో 2001 నుంచి 2016 మధ్య అబ్బాయిల్లో చాలినంత శ్రమ లేనివారి వాటా 80.1 నుంచి 77.6 శాతానికి తగ్గింది. అమ్మాయిల్లో 85.1 నుంచి 84.7కు వచ్చి దాదాపు అక్కడే నిలిచిపోయింది. మన దగ్గర దీనికి కారణాలు ప్రయోగశాలలో వెతకనక్కర్లేదు. "పెద్దపిల్లవయ్యావు, ఇంకా గెంతులేంటి" అన్న మాట ఒకటి చాలు. నెలసరి రోజుల్లో నీళ్లు, తలుపు సరిగ్గా పడే మరుగుదొడ్డి లేని బడి మరో కారణం. ఓణీతో పరుగెత్తమనడం, మైదానం చుట్టూ చేరి వ్యాఖ్యలు చేసే కుర్రాళ్లు, ఇంటికి వెళ్లగానే ఎదురుచూసే అంట్లు, తమ్ముడి పెంపకం ఆ తర్వాతివి.

వీటిని దృష్టిలో పెట్టుకుని చేసిన ప్రయత్నాలూ ఉన్నాయి. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ పరిశోధకులు అమ్మాయిలతో, వాళ్ల తల్లులతో మాట్లాడి అడ్డంకులు తెలుసుకున్నారు. పెద్ద మైదానం, ఖరీదైన సామగ్రి అవసరం లేకుండా 10 నిమిషాల్లో గుండె వేగాన్ని పెంచే నృత్య వ్యాయామాన్ని 'తాండవ్' పేరుతో రూపొందించి కౌమార బాలికలతో ప్రయోగించి చూశారు. మన ఊళ్లలో కోలాటం తెలియని బడి ఉండదు. కర్రలు పట్టుకుని అరగంట కోలాటం వేసిన పిల్లల చెమట చూస్తే అది ఏ స్థాయి శ్రమో చెప్పడానికి పరికరం అక్కర్లేదు. దాన్ని వార్షికోత్సవానికే పరిమితం చేయాల్సిన పనిలేదు.

బిహార్ మరో దారి చూపింది. అక్కడి ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరిన అమ్మాయిలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ చేసిన అధ్యయనం ప్రకారం, హైస్కూలులో వయసుకు తగిన తరగతిలో చేరే అమ్మాయిల సంఖ్య దీనివల్ల 32 శాతం పెరిగింది. ఆ పథకం ఉద్దేశం చదువే, వ్యాయామం కాదు. అయినా సైకిల్ తొక్కే ప్రతి అమ్మాయికీ రోజూ కొన్ని కిలోమీటర్ల శ్రమ దానంతటదే దక్కుతుంది. ఊరి రోడ్డు మీద సైకిల్ తొక్కే అమ్మాయిలు గుంపుగా కనిపించడం మామూలైపోతే, మైదానంలో కనిపించడమూ మామూలవుతుంది.

చట్టం ఉంది, మైదానం?

ఈ విషయంలో మనకు చట్టాల కొరత లేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం బడికి ఆటస్థలం ఉండాలి, ప్రతి తరగతికీ ఆట వస్తువులు ఉండాలి. 6–8 తరగతుల్లో 100 మందికి పైగా పిల్లలుంటే ఆరోగ్య, వ్యాయామ విద్యకు బోధకులు ఉండాలి. అయితే ఆ బోధకులు పార్ట్‌టైం అయితే సరిపోతుందని అదే చట్టం అంటుంది. లెక్కలకు పార్ట్‌టైం మాస్టారు చాలని ఎవరూ అనరు. మనం దేనికి ఎంత విలువ ఇస్తున్నామో ఆ ఒక్క మాటే చెబుతుంది.

సీబీఎస్ఈ 2018–19 నుంచి 9–12 తరగతులకు ఆరోగ్య, వ్యాయామ విద్యను తప్పనిసరి చేసి రోజుకో పీరియడ్ కేటాయించమంది. 2019 ఆగస్టు 29న, ధ్యాన్‌చంద్ జయంతినాడు, ఫిట్ ఇండియా ఉద్యమం మొదలైంది. 2020 జాతీయ విద్యావిధానం ఆటలను పాఠాలతో కలపాలంది. ఆటస్థలం లేని బడులను మూసేయాల్సి ఉంటుందని 2024 ఏప్రిల్‌లో కేరళ హైకోర్టు హెచ్చరించింది. ఇన్ని ఉన్నా, అపార్ట్‌మెంటు లాంటి భవనంలో నాలుగో అంతస్తులో నడిచే బడులు, మైదానమన్నదే లేని ఇంటర్ కాలేజీలు నగరాల్లో ఎన్నో కనిపిస్తాయి. పల్లె బడికి స్థలం ఉంటుంది కానీ పీఈటీ ఉండరు. పట్నం బడికి పీఈటీ ఉంటారు కానీ స్థలం ఉండదు. నష్టపోయేది రెండుచోట్లా పిల్లలే.

స్థలం లేదనేది నిజమైన ఇబ్బందే. ఎండ కూడా నిజమైన ఇబ్బందే. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెలుగు జిల్లాల్లో మధ్యాహ్నం మైదానంలోకి పిల్లలను తోలడం ప్రమాదకరం. ఢిల్లీలో చలికాలపు పొగమంచు రోజుల్లో బయట పరుగు మంచిది కాదు. కానీ వీటికి జవాబు ఆట మానేయడం కాదు. ఒంటిపూట బడుల రోజుల్లో మొదటి పీరియడ్‌నే ఆటకు ఇవ్వవచ్చు. వరండాలో తాడాట, తరగతి గదిలో బెంచీల మధ్య పది నిమిషాల వ్యాయామం, మేడ మీద చుట్టూ గట్టి కంచె ఉంటే కోలాటం సాధ్యమే. పక్క వీధి మునిసిపల్ పార్కును ఉదయం రెండు గంటలు బడులకు కేటాయించడానికి పెద్ద ఖర్చు కాదు.

ఏం మారాలి?

మొదటిది, ఆటల పీరియడ్ అప్పుకు ఇవ్వకూడదు. తప్పనిసరై ఇస్తే అదే వారంలో తిరిగి చెల్లించాలి. ఎన్ని పీరియడ్లు జరగాలి, ఎన్ని జరిగాయి అన్నది నోటీసు బోర్డు మీద ప్రతి నెలా రాస్తే చాలు. తల్లిదండ్రుల సమావేశంలో మార్కులతోపాటు ఆ అంకె గురించీ అడగవచ్చు.

రెండోది, పీరియడ్‌ను పోటీతో కాక నిమిషాలతో కొలవాలి. ఒక పెద్ద ఆట బదులు నాలుగైదు చిన్న ఆటలు పెట్టాలి. ఏడుపెంకులాట, తొక్కుడుబిళ్ల, కబడ్డీ, తాడాట పక్కపక్కన నడిస్తే వరసలో నిలబడేవారు తగ్గుతారు. 'ఔట్' అయినవాళ్లు పక్కన కూర్చునే బదులు వేరే ఆటలోకి మారాలి. పీఈటీ లేని బడిలో ఆసక్తి ఉన్న ఉపాధ్యాయులకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చినా ఇది చేయగలరు. దీర్ఘకాలంలో మాత్రం ఖాళీలు నింపడం తప్ప వేరే మార్గం లేదు.

మూడోది, వ్యాయామం శిక్షగా మారకూడదు. హోంవర్క్ చేయని పిల్లవాడితో గుంజీళ్లు తీయించడం, మైదానం చుట్టూ పరుగెత్తించడం ఇంకా ఆగలేదు. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండనను నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, పరుగును శిక్షగా రుచి చూసిన పిల్లవాడు పెద్దయ్యాక ఇష్టంగా పరుగెడతాడని ఎలా ఆశించగలం?

నాలుగోది, అమ్మాయిలను అడగాలి. ఏ ఆట, ఏ సమయం, ఏ దుస్తులు అన్నది వాళ్లతో మాట్లాడి నిర్ణయిస్తే సగం అడ్డంకులు తొలగుతాయి. నీళ్లు వచ్చే మరుగుదొడ్డి కూడా క్రీడా సామగ్రిలో భాగమే.

ఐదోది, కొలవాలి, కానీ పిల్లలను చిన్నబుచ్చకుండా. స్లొవేనియా అనే చిన్న దేశం 1980ల నుంచి ఏటా ఏప్రిల్‌లో తన పాఠశాల పిల్లల శారీరక సామర్థ్యాన్ని కొలుస్తోంది. కోవిడ్ కాలంలో పిల్లల సామర్థ్యం ఎంత పడిపోయిందో ఆ దేశం వెంటనే చెప్పగలిగింది ఆ లెక్కల వల్లే. మన దగ్గర ఖేలో ఇండియా కింద 600 మీటర్ల పరుగు, వంగి కాలివేళ్లను అందుకోవడం వంటి పరీక్షలు బడుల కోసం ఇప్పటికే ఉన్నాయి. వాటిని ఫొటోలు పంపే తంతుగా ముగించకుండా, ప్రతి బిడ్డకూ నిరుటి తనతో ఈ ఏటి తనను పోల్చి చూపితే అవి నిజంగా ఉపయోగపడతాయి. అందరి ముందూ బరువు చదివి వినిపించడం మాత్రం మానాలి.

ఈ ఐదింటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. మొదటిదానికైతే రూపాయి ఖర్చు కూడా లేదు. రేపటి గురువారం చివరి గంట మోగినప్పుడు ప్రధానోపాధ్యాయులు వరండాలో నిలబడి, సుద్దముక్కతో వస్తున్న లెక్కల మాస్టారిని చిరునవ్వుతో వెనక్కి పంపితే చాలు. వీలైతే ఆయన్ను కూడా మైదానంలోకి రమ్మనవచ్చు.